రెండు గొర్రెల ఎత్తు

మనిషి బరువును గొర్రెల్లో లెక్కగట్టడం నేను మా అత్త దగ్గరే చూశాను. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నన్ను కిందినుంచి పైదాకా చూసి, "గొర్రెన్నర ఉంటది పోరి, గంతే" అంది. నాకు ఒళ్లు మండింది. పక్కనే ఉన్న మా ఆయన నవ్వాడు. ఆయన రెండున్నర గొర్రెలట. ఊరి పట్వారీ పొట్టతో కలిపి నాలుగు. తన సంగతి వచ్చేసరికి, "నేను సరిగ్గ రెండు గొర్ల ఎత్తు" అనేది. అది ఎగతాళి కాదని తర్వాత తెలిసింది. గొర్రెకు మందిచ్చే మనిషికి ముందు దాని ఎత్తు, అంటే బరువు, తెలియాలి, ఆ ఎత్తును బట్టే మందు. ఆమె కంటికి లోకమంతా ఆ తూకంలోనే కనబడేది.

నేను తాండూరు పిల్లను. మా తాత కాలంలో మాకూ మంద ఉండేదట. ఏదో కరువులో అది పోయాక మా నాన్న స్టేషను దగ్గర నాపబండలు వ్యాగన్లకెక్కించే హమాలీ అయ్యాడు. నాలుగేళ్లు ఉర్దూ బడిలో కూర్చున్నాను కాబట్టి నాకు చాలా తెలుసునని నా నమ్మకం. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు నన్ను యాలాల దగ్గరి ఒక ఊళ్లో, ఎనభై నల్లగొర్రెలున్న ఇంటికి ఇచ్చారు. గొర్రె గురించి అప్పటికి నాకు తెలిసింది కూర ఒక్కటే. నోరు మాత్రం బాగా ఉండేది. నేను చెప్పబోయేదంతా ఆ నోటి వల్లే జరిగింది, అందుకే ముందుగానే ఒప్పుకుంటున్నాను.

దీపావళి దాటాక మంద కదిలేది. పిల్లలు పుట్టాక వాళ్లను తాండూరులో మా అమ్మ దగ్గర బడికి వదిలి నేనూ వెంట పోయేదాన్ని. నల్లరేగడి చేలల్లో మంద పెట్టుకుంటూ, కన్నడం మాట్లాడే ఊళ్లదాకా పోయేవాళ్లం. చేనిలో గొర్రెలు నాలుగు రోజులు పడుకుంటే రైతుకు ఎరువు, మాకు జొన్నలు. ఉగాది నాటికి తిరుగుముఖం. నడకలో ఎవరి చోటు వాళ్లదే. మా ఆయన ముందు, తర్వాత మంద, దాని పక్కన మూటలు మోసే ఎద్దుతో నేను, అందరికంటే వెనక మా అత్త. నడుస్తూనే ఉన్ని వడికేది. ఎందుకు వెనకే నడుస్తావని ఒకసారి అడిగితే, "ముంగట నడిచేటోనికి తొవ్వ కనవడ్తది, ఎనక నడిచేటోనికి ఏది కుంటుతున్నదో కనవడ్తది" అంది.

ఆ మందకు డాక్టరు ఆమే. ప్రతి అమావాస్యకు ఉప్పుముద్దలు చేసి గొర్రెలకు పెట్టేది. రాతి ఉప్పు, వాగు ఒడ్డున తెల్లగా పేరుకున్న సౌడు, తాండూరు బట్టీ సున్నం, కమ్మరి కొలిమి అడుగున మిగిలే ఇనుప చిట్టెం, అన్నిటికంటే తక్కువగా మైలుతుత్తం. మైలుతుత్తమంటే నెమలి మెడ రంగులో మెరిసే రాయి. కడుపులో పురుగులు చావడానికి అది. గిట్టలు చీము పడితే దాన్నే నీళ్లలో కరిగించి గొర్రె కాళ్లు ముంచేవాళ్లం. "గొర్రెకు జొన్నగింజంత. మించిందో, మన్నుల వెట్టుడే" అని నాకు నూరుసార్లు చెప్పి ఉంటుంది.

దంచడం నా పని. ఎన్ని గొర్రెలకు కలపాలో ఆమె చెప్పేది. నేను పక్కన జొన్నలు పోసుకుని, గింజకు గింజ సరిచూసి అన్ని తుత్తం పలుకులు తీసి, మిగతా సరుకుతో కలిపి రోట్లో దంచి ఇచ్చేదాన్ని. ముద్దలు చేసేది, పంచేది ఆమె. ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు.

నా పెళ్లయిన పదేళ్లకు ఆమెకు కీళ్ల నొప్పులు పట్టుకున్నాయి. పొద్దున కాళ్లు చాపితే ముడవరాదు, ముడిస్తే చాపరాదు. మోకాళ్లు ఉబ్బి, తాకితే వెచ్చగా ఉండేవి. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా తిరిగి, కదురు పట్టుకుంటే జారిపోయేది. ఈనలేక తన్నుకునే గొర్రె లోపలికి చేయి పెట్టి పిల్లను తిప్పి తీసిన వేళ్లు అవి. ఆ చలికాలం ఒక గొర్రె అడ్డం తిరిగిన పిల్లతోనే చచ్చిపోతే, ఆ చేతులను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చుంది.

మంద కదలకముందు ఊళ్లో ఉన్నప్పుడే తలా ఒక లోహం చెప్పారు. ఒకరు రాగి కడియం అన్నారు. వేసుకుంది, మణికట్టు పచ్చబడింది, నొప్పి నొప్పిలాగే ఉంది. ఇంకొకరు కొలిమి నీళ్లన్నారు. ఎర్రగా కాల్చిన కర్రును కమ్మరి ముంచే తొట్టినీళ్లు ముంతతో తెచ్చుకుని పరగడుపున తాగింది. మరొకరు సున్నం మీద తేరిన నీళ్లు చెంచాడు మజ్జిగలో కలుపుకొమ్మన్నారు, అదీ అయింది. "ఇగ మా అత్తకు ఎండి, బంగారమే తినవెట్టాలె" అని నేను బావి దగ్గర ఆడవాళ్లతో నవ్వాను. ఆ మాట నాకంటే ముందే ఇంటికి చేరింది. "నీ మెడల ఉన్నదా బిడ్డా బంగారం? జర ఇయ్యి, నాకుత" అంది. మాటకు మాట బాకీ ఉంచుకునే మనిషి కాదు.

ఆ ఏడు తిరుగు ప్రయాణంలో ఆమె నడక చూడలేకపోయాం. మా ఆయన ఎద్దును ఆపాడు.

"అవ్వా, జొన్నల మూట దించి నిన్ను కూసోవెడ్త. జర ఊరు దాక."

"మూట లెక్క మోపిస్తవారా నన్ను?" అని ఆమె కర్ర ఎత్తింది. "నేను ఎద్దు మీద కూసుంటే ఎనకవడ్డదాన్ని ఎవలు జూస్తరు? నీ పెండ్లాం జూస్తదా?"

చూడనని ఆమెకు తెలుసు.

అప్పటికి వెనకబడిన గొర్రె ఒకటుంది. ముసలిది, ముందరి మోకాళ్లు బిగుసుకుపోయి, పది అడుగులకొకసారి నిలబడేది. అది నిలబడితే మా అత్త నిలబడేది. ఆమె కోసం నేనూ ఎద్దూ నిలబడాలి. తాండూరు ఇంకా రెండు కోసులుంది. ఎండ మాడు పగలగొడుతోంది, నెత్తి మీద గిన్నెల గంప, పిల్లలను చూసి అయిదు నెలలయింది. అప్పుడు అన్నాను.

"నడవనిది మంద వెంట ఎందుకత్తా? తాండూరు కటికాయనకు ఇచ్చేస్తే పీడ వోతది. దానికోసం అందరం ఎండల నిలవడుడేంది?"

ఆమె ఆ గొర్రె వీపు మీద చేయి వేసి నిలబడి ఉంది. నా వైపు చూసింది. ఎదురు మాట వస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను. "నిజమే బిడ్డా" అంది, అంతే. సాయంత్రానికి గొర్రె కటికాయన చేతికి పోయింది. పదేళ్లలో మొదటిసారి మా అత్త మీద గెలిచానని నేను సంబరపడ్డాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాకు ఆ రోజు నోరు జారిందన్న సంగతే తెలియలేదు. మందలో డెబ్బై తొమ్మిది మిగిలాయి.

తొలకరి పడ్డాక బ్లాకు ఆఫీసు జీపు మా ఊరికి వచ్చింది. తెల్లచీర కట్టుకున్న ఒక ఆరోగ్యశాఖ ఆమె దిగి, చావడి ముందు ఆడవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడింది. పాపం, ఆమె తప్పేమీ చెప్పలేదు. "ఎముకకు సున్నం కావాలమ్మా, రక్తానికి ఇనుము కావాలి. మనిషికైనా గొడ్డుకైనా ఒంట్లో ఈ ఖనిజాలు తక్కువైతే బలం ఉండదు, ఎముకలు నొస్తాయి" అంది. ఆ తర్వాత పాలు తాగమంది, ఆకుకూరలు తినమంది, రాగిసంకటి మానొద్దంది. మా అత్త అంతదాకా వినలేదు. సున్నం, ఇనుము, గొడ్డు అన్న దగ్గరే ఆమె చెవులు మూసుకుపోయాయి.

ఇంటికి వస్తూ దారిలో ఆగి నా భుజం పట్టుకుంది. "ఇన్నవా? గదేనే నేను గొర్లకు వెట్టేది! ఆ తల్లి ఇయ్యాల జీపెక్కి వచ్చి చెప్పింది. నాకు ముప్పై ఏండ్ల కెల్లి ఎరుక." ఆమె ముఖం అలా వెలగడం చూసి చాలా రోజులైంది. నేను నవ్వాను. సర్కారు కూడా నీ దగ్గరే నేర్చుకున్నదత్తా అన్నాను.

తర్వాతి అమావాస్యకు రోలు కడిగి కూర్చున్నాను.

"ఎనభై ఒకటికి కలుపు" అంది.

"డెబ్బై తొమ్మిదే గదత్తా ఉన్నయి?"

"నాకు లెక్కరాదా? ఎనభై ఒకటి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం ఆమె. కుక్కలు రెండున్నాయి, వాటికీ పురుగుల మందు పెడుతుందేమో అనుకున్నాను. రెండు గింజలు ఎక్కువ వేశాను, రెండు పలుకులు ఎక్కువ తీశాను. మరుసటి అమావాస్యకూ ఎనభై ఒకటే. ఆ మరుసటికీ అంతే. మూడుసార్లు నా చేత్తో దంచి, నున్నగా జల్లెడ పట్టి ఇచ్చాను. ఆమెకు పలుకు తగిలితే కోపం.

విచిత్రమేమిటంటే ఆ వానకాలం ఆమె లేచి తిరిగింది. మోకాలి వాపు దిగింది. ఒక రోజు నేను చేను నుంచి వచ్చేసరికి కింద గొంతుక్కూర్చుని గొర్రెపిల్ల గిట్ట చూస్తోంది. నేను వాకిట్లోనే నిలబడిపోయాను. ఊళ్లో నొప్పులున్న ముసలివాళ్లంతా, ఏం మందు తిన్నవు, మాకూ చెప్పు అని వెంటపడ్డారు. ఆమె ఎవరికీ చెప్పలేదు. "ఈసారి మీకంటె ముంగటనే కన్నడదేశం జేరుత" అని మా ఆయనతో పందెం కట్టింది. నా మొగుడు, నేను ఆ నడకను చూసి మురిసిపోయాం. ఆమె ఏం తింటోందని ఒక్కసారి కూడా అడగలేదు.

భాద్రపదంలో ముసురు పట్టింది. వారం రోజులు సూర్యుడు కనబడలేదు. నొప్పులు తిరిగొచ్చాయి, మునుపటికంటే గట్టిగా. ఆమె మంచం దిగడానికి గోడ పట్టుకునేది. మంద కదలడానికి రెండు నెలలు కూడా లేదు. ఆమె వేళ్ల మీద ఆ రోజులు లెక్కపెట్టుకుంటోందని నేను చూశాను, చూసి ఊరుకున్నాను.

దసరాకు పది రోజులుందనగా, పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే దొడ్లోనుంచి డోకుతున్న చప్పుడు వినిపించింది. పరుగెత్తాను. మా అత్త గోడకు ఆనుకుని, కడుపు రెండు చేతులతో పట్టుకుని ఉంది. కింద తడిమట్టి మీద పడినది చూసి నా చేతిలో చీపురు జారిపోయింది. అది నీలం. పచ్చదనం కలిసిన నీలం. నేను రోట్లో దంచే రంగు. మనిషి కడుపులోనుంచి అలాంటి రంగు రాగలదని నేను కలలో కూడా అనుకోలేదు. ఆమె నోరు తెరిచింది, నాలుక కూడా అదే రంగులో ఉంది.

"ఏం తిన్నవత్తా?"

"మందే."

"ఏం మందు?"

"గొర్లదే. మూడు నెల్లసంది తింటున్న. ఎక్కువ తినలే బిడ్డా." ఊపిరి అందడం లేదు, అయినా లెక్క చెప్పాలని ఆమె ఆత్రం. "రెండు గొర్ల మందమే తిన్న. రెండు గొర్ల ఎత్తే గద నేను."

ఎనభై ఒకటి. ఆ అంకె నా చెంప మీద కొట్టినట్టయింది. డెబ్బై తొమ్మిది గొర్రెలు, మా అత్త. కుక్కలు కావు, పొరపాటు లెక్క కాదు. మూడు అమావాస్యలు నేను గింజకు గింజ సరిచూసి, పలుకు తగలకుండా మెత్తగా దంచి, నా చేత్తో ఆమెకు విషం అందించాను. ఆ నీలం పక్కనే కూలబడ్డాను.

"ముద్దలల్ల పిసరంతనే ఉంటది గద" అని ఆమె చెబుతూనే ఉంది. "ముసురుకు మల్ల గుంజవట్టె. మొండి రోగానికి గొర్రెకైతే రెట్టింపు వెడ్తం. అందుకని రాత్రి ఉత్త పలుకే మింగిన."

"ఎన్ని మింగినవు? ఎన్నత్తా?"

చేయి ఎత్తి చూపించబోయింది. వేళ్లు విచ్చుకోలేదు. రెండో, నాలుగో, అయిదో, ఆ ముడుచుకున్న చేతిలో నాకు ఎంత చూసినా తెలియలేదు.

ఇంట్లో ఉన్న గొర్రెపాలన్నీ పట్టించాం. గుడ్ల తెల్లసొన తాగించాం. తాగింది తాగినట్టే నీలంగా బయటికి వచ్చింది. బండి కట్టి తాండూరు తీసుకుపోతే అక్కడి డాక్టరు నాలుక చూసి వికారాబాదు పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చాడు. పాసింజరు బండిలో ఆమె తల నా ఒళ్లో, కాళ్లు మా ఆయన ఒళ్లో. పక్కన కూర్చున్నవాళ్లు నా చీరకొంగు మీది మరకలు చూసి లేచిపోయారు. మోకాళ్లను తాకితే ఆ స్థితిలో కూడా ఆమె మూలిగింది. ఆ మోకాళ్ల కోసమే ఇంత జరిగిందని తలుచుకుంటే నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి.

దవాఖానలో గొట్టం వేసి కడుపు కడిగారు. ఆ తర్వాత డాక్టరు కాగితం తీసుకుని మమ్మల్ని పిలిచాడు. నడివయసు మనిషి, చిరాకుపడే మనిషి.

"ఎవరిచ్చారు ఈమెకిది?"

"నేనే దంచిచ్చిన సారూ" అన్నాను. మా ఆయన నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది.

"మనిషికి ఇంత పెట్టమని నీకెవరు చెప్పారు?"

"ఎవ్వలు చెప్పలే. గొర్రెకు జొన్నగింజంత. ఆమె రెండు గొర్ల ఎత్తు. లెక్కజేసుకున్నది."

ఆయన కలం కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. "సున్నం వేరు, ఇనుము వేరు, ఇది వేరమ్మా" అన్నాడు. "ఇది లోపల కాల్చుకుంటూ పోతుంది. మీ గొర్రెలు ఇన్నాళ్లు బతికి ఉండడమే నాకు ఆశ్చర్యం. ఈమె బతుకుతుందని ఇప్పుడే నేను చెప్పలేను."

మరి మూడు నెలలు నొప్పులు ఎట్లా తగ్గాయని మా ఆయన అడిగాడు. "కీళ్లవాతం ఎండావానా లాంటిది. దానంతట అది వస్తుంది, కొన్నాళ్లు పోతుంది. పోయినప్పుడు నోట్లో ఏదుంటే దానికి పేరొస్తుంది" అన్నాడాయన. ఆ మాట విని నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఊరంతా అడిగిన ఆ మందు పేరు ఆమె ఒక్కరికి చెప్పి ఉన్నా, మా ఊళ్లో ఎన్ని నాలుకలు నీలమయ్యేవో.

మూడో రోజుకు ఆమె కళ్లు పసుపుపచ్చగా తిరిగాయి. ఒంటేలు నల్లకాఫీలా వచ్చింది. ఆరో రోజు జ్వరంలో గొర్రెలను లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటినుంచి మొదలై డెబ్బై తొమ్మిది దగ్గర ఆగిపోయేది. "రెండు తక్కువున్నయి. ఎనక వడ్డయి, జూడుండ్రి" అని మంచం మీద లేవబోయేది. నేను భుజాలు పట్టుకుని పడుకోబెట్టేదాన్ని. నేను దేవుళ్లకు మొక్కలేదు. మొక్కే ముఖం నాకు లేదు. ఆమె కళ్ల రంగు చూస్తూ కూర్చున్నాను.

బతికింది. మొండి ప్రాణం అన్నాడు డాక్టరు, ఆ మాట కూడా చిరాకుగానే. మూడు వారాలకు ఇంటికి పంపుతూ తెల్లమాత్రల సీసా ఇచ్చాడు. ఇక దూరం నడవకూడదు, గుండె, కాలేయం రెండూ దెబ్బతిన్నాయన్నాడు. రైలు కదిలాక ఆమె ఒక మాత్ర తీసి వెలుతురుకు పెట్టి చూసింది.

"గిదేంది?"

"సున్నమట. ఎముకకు మంచిదట."

"గిది సున్నమే, నేను పెట్టిన దాంట్ల ఉన్నది సున్నమే. మరి నాదాంట్ల తప్పేందే?"

"రంగు" అన్నాను. ఆమె నవ్వబోయి దగ్గింది. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

దీపావళి వచ్చింది. అది అమావాస్యే కదా, మంద కదిలే ముందు ముద్దలు చేసే రోజు. ఇంట్లో ఉన్న తుత్తం అంతా నేను అప్పటికే గొయ్యి తీసి పూడ్చాను. ఉప్పు, సౌడు, సున్నం, చిట్టెం మాత్రం ముందు పెట్టుకుని రోలు కడిగాను. మా అత్త గడప మీద కూర్చుని ఉంది, సగమైపోయిన మనిషి. చీర మనిషిని కట్టుకున్నట్టుంది తప్ప మనిషి చీర కట్టుకున్నట్టు లేదు. దొడ్లో మా ఆయన ఎద్దుకు తాళ్లు సవరిస్తున్నాడు.

"ఎన్నింటికి కలపాలె అత్తా?" అన్నాను, ఎప్పటిలాగే.

"డెబ్బై తొమ్మిది" అంది.

నా చేయి రోకలి మీద ఆగిపోయింది. సరైన లెక్కే. మొదటి అమావాస్యకు నేను వాదించిన లెక్కే. కానీ నీలం నాలుక చూసినప్పుడు కూడా నా గుండె అంతగా అదరలేదు. విషం మింగుతున్న రోజుల్లో కూడా ఆమె తనను మందలో కలుపుకునే ఉంది. ఇప్పుడు తీసేసింది.

"అదేందత్తా, గట్లంటవు?"

"నడవనిది మంద వెంట ఎందుకు బిడ్డా" అంది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు, ఉప్పు ఎంత వేయాలో చెప్పినట్టు చెప్పింది. "నువ్వే అంటివి గద."

"నేనన్నది గొర్రెను!" గట్టిగా అరిచాను. దొడ్లో తాళ్ల చప్పుడు ఆగింది.

"గొర్రెనే అన్నవు. నాకెరుకలేదా? తప్పు అనలే నువ్వు, మందకు గదే కట్టుబాటు. గాని దాని ఎనక నేనే ఉంటి బిడ్డా. దాని కాళ్లు, నా కాళ్లు ఒక్క తీరుగనే ఉండె."

అంటే ఆ ఎండలో, తాండూరుకు రెండు కోసుల ఇవతల, గొర్రె వీపు మీద చేయి వేసి "నిజమే బిడ్డా" అన్నప్పుడే, ఎట్లాగైనా నడవాలని ఆమె తీర్మానించుకుంది. ఆమెను ఆ మందు దాకా తెచ్చింది కొలిమి నీళ్లు కాదు, జీపులో వచ్చిన ఆమె మాటలు కాదు. నేను చెప్పిన మాట. పీడ అన్నాను. కటికాయనకు ఇచ్చెయ్యమన్నాను. అన్నది నేను, విన్నది ఆమె, దంచి ఇచ్చింది మళ్లీ నేనే. యాభై ఏళ్లు దాటాయి, ఇప్పుడు నా మోకాళ్లూ ఉబ్బాయి, నేనూ తెల్లమాత్రలు మింగుతున్నాను. అయినా ఆ గడప దగ్గర తగిలిన దెబ్బ తగ్గలేదు. తగ్గకూడదు కూడా.

ఆ రోజు క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. మా ఇళ్లలో అత్తను అలా అడిగే అలవాటూ లేదు. జొన్నలు పక్కన పోసుకుని గింజ గింజ లెక్కపెట్టి, ఆ కొలతకు సరుకు తీసి రోట్లో వేశాను. ఆమె చూస్తూనే ఉంది. ఆ కళ్లను మోసం చేయడం ఎవరి తరం కాదు.

"ఎనభై ఒకటి వేసినవు" అంది. "లెక్క తప్పింది."

"తప్పలే."

"నేను నడవలేను, పిచ్చిదానా."

"ఎద్దు మీద కూసో. మీదికెల్లి ఎనకవడ్డది ఇంక మంచిగ కనవడ్తది. నాకు కుంటేదో, బాగున్నదేదో ఎరుకలేదు. పదేండ్లాయె, నువ్వు నేర్పలే." రోకలి అందుకున్నాను. "నువ్వు రాకుంటె నేను వోను. అవి అన్ని నా చేతుల చస్తయి అత్తా."

కర్ర ఎత్తుతుందేమో, మూట లెక్క మోపిస్తవా అంటుందేమో అని చూశాను. గడప మీదనుంచి కొంచెం కొంచెంగా జరిగి రోటి దగ్గరికి వచ్చింది. నేను దంచింది చేట్లోకి ఎత్తుకుని, ఆ వంకర వేళ్లతో ముద్దలు చేయడం మొదలుపెట్టింది. ముద్దలు గుండ్రంగా రాలేదు. ఏదో ఒకటి విరిగిపోతుంటే మళ్లీ నొక్కేది. నేను సాయం పట్టబోతే చేయి తోసేసింది.

లేచి దొడ్లోకి పోయాను. మా ఆయన అంతా విన్నాడు. ఆ ఏడు జొన్నల మూట ఒకటి ఇంట్లోనే వదిలి, ఎద్దును మంద వెనక నడిపించాం.